ఊరిని మోసిన బోర్డు

మా మామిళ్లంక పురపాలక సంఘం కమిషనర్ పరాంకుశం గారు సెమినార్‌కి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఊరికి ఏదో ఒకటి తగులుకునేది. మొదటిసారి వెళ్లొచ్చి, ఉద్యోగులు రోజూ నవ్వాలన్నారు. ఆఫీసు తెరవగానే అందరం వరండాలో వరసగా నిలబడి గట్టిగా నవ్వేవాళ్లం. పనుల మీద వచ్చినవాళ్లు తమని చూసే నవ్వుతున్నామనుకుని వెనక్కి వెళ్లిపోయేవారు. రెండోసారి వెళ్లొచ్చి చెత్తకుండీలకి పువ్వుల పేర్లు పెట్టారు. "మందారం నిండిపోయింది" అని శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేస్తే, ఆ మందారం ఏ వీధిలో ఉందో తెలియక చెత్త లారీ ఊరంతా తిరిగేది. మూడోసారి వెళ్లొచ్చినప్పుడు మాత్రం ఏకంగా పన్నులే రద్దు చేశారు.

నేను ఆ ఆఫీసులో రెవెన్యూ సెక్షన్ సీనియర్ అసిస్టెంటుని. ఇంటి పన్ను, కొనుగోళ్ల మీద పట్టణ సుంకం వసూలు చేసే పని నాది. పన్నులు తీసేస్తే నన్నెక్కడ పెడతారో అని కంగారుపడ్డాను గానీ, నాలాంటివాణ్ణి తీసేసే ధైర్యం ఏ సెమినార్‌లోనూ నేర్పరని తర్వాత తెలిసింది.

కౌన్సిల్ సమావేశంలో పరాంకుశం గారు లేచి నిలబడి, కళ్లజోడు తుడుచుకుని, తన పద్ధతిలో విన్నవించారు.

"గౌరవ సభకు మనవి చేయునది ఏమనగా, గృహము అనునది ఆదాయమును ఇచ్చునది కాదు. గృహమునందు మనుష్యుడు నిద్రించును. నిద్రపై పన్ను విధించుట అనాగరికము. అటులనే కొనుగోలుదారుడు అనగా అప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాడు. పోగొట్టుకున్నవానిపై మరల సుంకము విధించుట అమానుషము. కావున పన్ను యావత్తూ సంపాదించు వ్యాపారముపైననే ఉండవలెను."

కౌన్సిలర్లు బల్లలు చరిచారు. ఒక్కొక్కరికీ ఊళ్లో తక్కువలో తక్కువ మూడేసి మేడలున్నాయి మరి. ప్రభుత్వం కూడా మా ఊరిని ప్రయోగశాలగా ఎంచుకుందట. ఆ మాట విని చైర్మన్ బుల్లబ్బులు గారు, ప్రయోగశాల అంటే కొత్త భవనం వస్తుందేమోనని సంతోషించారు.

బుల్లబ్బులు గారికి ఒక్క అనుమానం మిగిలింది. మాఘమాసంలో వాళ్లమ్మాయి పెళ్లి. పెళ్లిలో వచ్చే చదివింపులు వ్యాపారం కిందకి వస్తాయా అని అడిగారు. రావని కమిషనర్ గారు హామీ ఇచ్చి, "గృహములందు జరుగు శుభకార్యములు, వాటియందు ఇచ్చిపుచ్చుకొను చదివింపులు, తాంబూలములు, పెట్టుబట్టలు ఈ పన్ను పరిధిలోనికి రావు" అని అక్కడికక్కడే ఒక వాక్యం చేర్పించారు. దాన్ని సాపు రాసింది నేనే.

ఇంతకీ వ్యాపారం అంటే ఏమిటని ఇంకో కౌన్సిలర్ అడిగాడు. అధికారి ఇష్టాయిష్టాలకి తావిస్తే లంచాలు పుడతాయని, కాబట్టి కంటికి కనిపించే గుర్తొకటి ఉండాలని కమిషనర్ గారు సెలవిచ్చారు. ఆ గుర్తు బోర్డు. వ్యాపారం పేరుతో బోర్డు కట్టిన చోటు వ్యాపార స్థలం. బోర్డు లేని చోటు గృహం. మా ఆఫీసు పేరు రాసిన బోర్డుకి, బడులకి, ఆసుపత్రికి మినహాయింపు. ఊరి ఖర్చు మొత్తం ఎంతో లెక్కగట్టి, ఊళ్లో ఉన్న బోర్డుల మధ్య పంచెయ్యడమే. ఇంత సులువైన పన్ను లోకంలో ఇంకెక్కడా లేదని ఆయన అన్నారు. ఆ ఒక్క ముక్క మాత్రం నిజం.

ఆ రాత్రి ఊళ్లో టపాకాయలు కాల్చారు. మర్నాటి నుంచి బోర్డులు దిగడం మొదలైంది.

మొట్టమొదట దింపినవాడు మెయిన్ రోడ్డు కిరాణా కొట్టు కొత్తమాసు విశ్వనాథం. కందిపప్పు కోసమని ఆ కొట్టుకి వెళ్తే గుమ్మానికి మామిడాకులు, ముంగిట్లో షామియానా, లోపల మైకు. విశ్వనాథం పట్టుపంచె కట్టుకుని నాకు ఎదురొచ్చి, నా మీద పన్నీరు చిలకరించాడు.

"దయచేయండి గుమాస్తా గారూ, గృహప్రవేశానికి మీరొక్కరే వచ్చేరేంటండీ? అమ్మగార్ని కూడా తీసుకురావల్సింది."

ఎవరి గృహప్రవేశమంటే తనదేనన్నాడు. వాళ్ల తాతల నాటి కొట్టులోకి కొత్తగా ప్రవేశించడమేమిటంటే, బోర్డు దింపాక ఇది గృహమైంది కదా, గృహమైన రోజే గృహప్రవేశం, ముహూర్తాలు రోజూ ఉన్నాయి కాబట్టి రోజూ ప్రవేశిస్తానన్నాడు. నాకు కిలో కందిపప్పు కావాలన్నాను. ఆ మాటకి నొచ్చుకున్నాడు. చుట్టాలు అలా అడిగితే బాగుండదట. కావలసింది మెల్లిగా ఆయన బావమరిది చెవిలో చెబితే, వెళ్లేటప్పుడు తాంబూలం సంచిలో అదే ఉంటుందట. అలాగే చెప్పాను. మైకు దగ్గరున్నతను నా చదివింపు అందుకుని, "రెవెన్యూ సెక్షన్ వారి చదివింపులు" అంటూ మొత్తం చదివి, కాస్త తగ్గిందన్నట్టు నా మొహంలోకి చూశాడు. ఇంకో పది కలిపితే గాని ఆ బంధుత్వం నిలబడలేదు. సంచిలో తమలపాకులు రెండు, వక్క ఒకటి, కందిపప్పు కిలో.

వారం తిరక్కుండా ఊరంతా శుభకార్యాలే. బట్టల కొట్టువాళ్లు ఊళ్లో ఆడవాళ్లందరినీ ఆడపడుచుల్ని చేసుకున్నారు. వెళ్లగానే పీట వేసి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీర ఒళ్లో పెట్టేవారు. ఖరీదైన చీర పోతుంటే సేల్స్‌మెన్ కళ్లొత్తుకునేవారు, అప్పగింతలకి కాస్త ఏడుపుండాలి కదా. మా ఆవిడకి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. పుట్టింటివాళ్లు కూడా ఇంత ఆదరంగా ఎప్పుడూ చూడలేదని నా ముందే అంది. డాక్టరు గారు బోర్డు దింపి పరామర్శలు మొదలెట్టారు. ఆయన అరుగు మీద కూర్చుంటే రోగులు దూరపు చుట్టాల్లా వచ్చి తమ ఒంట్లో బాగోలేని సంగతి మాటల్లో ఎత్తేవారు. ఆయన అయ్యో అంటూ నాడి పట్టుకునేవారు. వెళ్లేటప్పుడు చేతిలో పెట్టే కవరు మాత్రం చుట్టరికం కొద్దీ ఇచ్చేదే.

ఈ సంగతి కమిషనర్ గారి దాకా వెళ్లింది. ఆయన జీపులో నన్ను ఎక్కించుకుని, వ్యాపారాన్ని రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుంటానంటూ విశ్వనాథం ఇంటికి తీసుకెళ్లారు. జీపు ఆగగానే మైకులో "గౌరవనీయులు కమిషనర్ గారు మా శుభకార్యానికి విచ్చేశారు" అని వినిపించింది. పన్నీరు చిలకరించారు, గంధం పూశారు, మంచి కుర్చీలో కూర్చోబెట్టి పానకం ఇచ్చారు. నలుగురూ చూస్తుండగా ఉత్తి చేతులతో లేవడానికి పెద్దమనిషికి మొహం చెల్లదు. ఆయన నూటపదహార్లు చదివించారు. తిరిగి జీపెక్కాక తాంబూలం సంచి విప్పి చూస్తే పంచదార, టీ పొడి, బట్టల సబ్బు ఉన్నాయి. ఆయన సబ్బుని వాసన చూసి మళ్లీ సంచిలో పెట్టేశారు.

"ఇది వ్యాపారము కాదు, అతిథి మర్యాద" అని చివరికి అన్నారు. "మనము చట్టమునకు బద్ధులము."

కానీ ఆయన ఊరుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే ఇంకో ఉత్తర్వు వేశారు. ఇకమీదట ఊళ్లో ఉన్న ఏ బోర్డునైనా తొలగించుట శిక్షార్హము. ఉత్తర్వు చేతికిచ్చి, మిగిలిన బోర్డులు లెక్కపెట్టుకు రమ్మని నన్ను పంపారు. సైకిలు మీద ఊరంతా తిరిగాను. లెక్కపెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఊరు మొత్తానికి ఒక్క బోర్డు మిగిలింది.

అది మంగతాయారు గారి టిఫిన్ హోటల్‌ది. బస్టాండు వెనక రేకుల షెడ్డు, లోపల నాలుగు బల్లలు. ముందు నీలం రంగు రేకు మీద తెల్లటి అక్షరాలతో "మంగతాయారు టిఫిన్ హోటల్" అని, దాని కింద అంతే పెద్ద అక్షరాలతో "చుట్టరికాలు చెప్పరాదు" అని ఉంటుంది. నేను పొద్దున్నే టిఫిన్ చేసేది అక్కడే. ఆవిడ పెసరట్టు తిన్నవాడు ఇంట్లో పెసరట్టు గురించి నోరెత్తకుండా ఉంటేనే సంసారం సాగుతుంది.

ఆ రెండో లైను వెనక కథ ఊరందరికీ తెలుసు. మంగతాయారు గారు కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి ఆరింది లేదు. ఆవిడ చేతివంట రుచిమరిగి, మొగుడి తరపువాళ్లు పిన్నీ అంటూ, అత్తా అంటూ, వదినా అంటూ పూటపూటకీ దిగేవారు. తిన్నవాడెవడూ ఒక్కనాడు బియ్యం గింజ తెచ్చిచ్చింది లేదు, నువ్వు తిన్నావా అని అడిగింది లేదు. మొగుడు పోయిన పదకొండో రోజున కూడా వచ్చినవాళ్లందరికీ ఆవిడే వండి పెట్టింది. ఆ వచ్చినవాళ్లు గారెల్లో ఉప్పు తక్కువైందన్నారు. పన్నెండో రోజున ఆవిడ మెడలో మిగిలిన గొలుసు అమ్మి హోటల్ పెట్టింది. తన వంటకి వెల కట్టి, ఆ వెల అడిగి తీసుకోవడానికి ఆవిడకి ఆ బోర్డు కావలసొచ్చింది. ఊళ్లో బోర్డులన్నీ దిగిపోతున్నప్పుడు విశ్వనాథం స్వయంగా వెళ్లి, నువ్వు కూడా బోర్డు దింపేసి వచ్చినవాళ్లని చుట్టాలనుకోమని సలహా ఇచ్చాడట.

"నేను పారిపోయిందే చుట్టాల్నించండి. మళ్లీ పిల్చి పీటెయ్యమంటారేంటి?" అని ఆవిడ మళ్లీ పిండి రుబ్బుకోవడంలో పడిందట.

ఊరి ఖర్చు మొత్తాన్ని ఊళ్లో ఉన్న బోర్డుల మధ్య పంచాలి. బోర్డు ఒక్కటే. కాబట్టి నోటీసు తయారుచేయడానికి నాకు భాగహారం కూడా అవసరం లేకపోయింది. వీధి దీపాలు, మురుగు కాలువలు, మంచినీళ్లు, రోడ్లు, మా అందరి జీతాలు, కమిషనర్ గారి జీపుకి డీజిలు, అన్నీ కలిపి మంగతాయారు గారి పేర. నోటీసు తీసుకెళ్లిన పొద్దున ఆవిడ నాకు ఎప్పటిలాగే పెసరట్టు వేసింది. తిన్నాక ఇద్దామనుకున్నాను. అది మాత్రం తెలివైన పనే.

ఆవిడ నోటీసు నా చేతే చదివించుకుంది. అరవలేదు, ఏడవలేదు. గోడకున్న ధరల పలక దింపింది. ఊళ్లో ఏ ఖర్చు ఏ వంటకం మీద వెయ్యాలో ఆలోచించి నా చేతే రాయించింది. ఇడ్లీ మీద వీధి దీపాలు. పెసరట్టు మీద మంచినీళ్లు. పూరీ మీద మురుగు కాలువలు. కాఫీ మీద కమిషనర్ గారి జీపు. ఉద్యోగుల జీతాలు ఎక్కడ వెయ్యమంటారని అడిగాను.

"ఉప్మా మీదెయ్యండి."

ఆ హోటల్లో ఉప్మా ఎవరూ తినరు. మొహమాటానికి పలక మీద ఉండేది, అంతే.

ధరలు అలా పెరిగాక బస్టాండు జనం హోటల్ ముందు నుంచి వాసనకే మనసు లాగుతుందని ముక్కు మూసుకుని, విశ్వనాథం గృహప్రవేశంలో పెట్టే ఫలహారాల కేసి వెళ్లిపోయేవారు. వీధి దీపాలు కొన్ని ఆరిపోయాయి. ఇడ్లీ అమ్మినన్ని రోజులే నీలం చెరువు వీధిలో వెలుగుండేది. పూరీలు అమ్ముడుపోక మురుగు ఆగింది. జీతాల సంగతి చెప్పనక్కర్లేదు. నెలాఖరున ఆఫీసులో ఎవరూ నవ్వలేదు, కమిషనర్ గారు నవ్వమన్నా సరే.

ఆయన దీర్ఘంగా ఆలోచించి సర్క్యులర్ జారీ చేశారు. ఉద్యోగులు యావన్మందీ ప్రతి దినము రెండు పూటలా మంగతాయారు వారి హోటల్ నందు ఉప్మా భుజించవలెను. భుజించినట్టు హాజరు పట్టీలో సంతకము చేయవలెను. డబ్బు లేనివారికి జీతంలో అడ్వాన్సు ఇప్పించారు. అడ్వాన్సుతో ఉప్మా తినేవాళ్లం, ఆ డబ్బు పన్నుగా ఆఫీసుకొచ్చేది, పన్ను మళ్లీ జీతంగా మా చేతికొచ్చేది, అందులోంచి అడ్వాన్సు పోయేది. ఉప్మా ఒక్కటే ఎటూ పోకుండా మా పొట్టల్లో నిలిచిపోయింది. మూడు నెలల్లో ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్లు మ్యాన్‌హోల్లోకి దిగడం మానేశారు, పట్టడం లేదని. పరాంకుశం గారు దీనికి "స్వయంపోషక ఆర్థిక వ్యవస్థ" అని పేరు పెట్టి ఇంకో సెమినార్‌లో చదివి మెడల్ తెచ్చుకున్నారు.

ఇంతలో ఊరికి మంగతాయారు గారి ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది. ఆవిడ తుమ్మితే ఫైనాన్స్ సెక్షన్‌లో ఫోన్లు మోగేవి. హెల్త్ ఆఫీసరు పొద్దుటా సాయంత్రమూ వచ్చి బీపీ చూసి, ఆ అంకె ఆఫీసు నోటీసు బోర్డు మీద రాసేవాడు. ఆవిడ బల్లల మధ్య తిరుగుతుంటే జారిపడకుండా శానిటరీ వర్కర్లు నేల తుడుస్తూ వెనకే నడిచేవారు. కాళ్లు నొప్పులని ఒకసారి అంటే చైర్మన్ గారు కౌన్సిల్లో సానుభూతి తీర్మానం పెట్టారు. ఒక్కరు కూడా వచ్చి ఓ పూట పిండి రుబ్బలేదు.

అలాంటప్పుడు తునిలో ఉన్న ఆవిడ అక్కకి కంటి ఆపరేషన్ నిర్ణయమైంది. ఇద్దరే అక్కచెల్లెళ్లు, అక్కకి ఇంకెవరూ లేరు. ఆపరేషన్ టైముకి దగ్గరుండాలని, నాలుగు రోజులు హోటల్ మూస్తానని మంగతాయారు గారు నాతో చెప్పింది. నేను కమిషనర్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, అప్పటికప్పుడు హోటల్‌కి నడిచి వచ్చారు. జీపుకి ఆ వారం కాఫీలు అమ్ముడుపోలేదు.

"అమ్మా, మీ అక్కగారి కంటి శుక్లము వ్యక్తిగత విషయము. మీ ఉప్మా ప్రజా విషయము" అని ఆయన వివరించారు. "హోటల్ మూసివేసినచో మామిళ్లంక మూసివేసినట్లే. అనుమతి ఇచ్చుటకు నాకు అధికారము లేదు."

"మా అక్క కంటికి కట్టు కట్టాక మంచినీళ్లు ఎవరిస్తారండి?"

"తుని పురపాలక సంఘము తన బాధ్యత తాను వహించును."

ఆయన వెళ్లిపోయాక ఆవిడ బల్ల మీద చెయ్యి ఆనించి నించుంది. ఎప్పుడూ తొణకని మనిషి, ఆ రోజు పెనం కింద మంట కూడా ఆర్పేసింది.

"మా ఆయన చుట్టాలు నయవండి గుమాస్తా గారూ. ఆళ్లు తినేసి ఎల్లిపోయేవోరు. ఈళ్లు తిని, నన్ను కట్టేసి కూడా కూర్చున్నారు. ఊరు ఊరంతా చుట్టవైపోయిందండి నాకు. ఆ బోర్డు నేనెందుకు పెట్టుకున్నాను?"

ఆ నెల నా జీతం కూడా ఆవిడ ఉప్మాలోంచే వచ్చింది మరి. సిగ్గేసింది. ప్లేటు నేనే కడిగి పెట్టాను, అంతకు మించి చేయగలిగింది కనిపించలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ మామూలుగానే ఉంది. పెసరట్టు నా ముందు పెట్టి, బోర్డు తియ్యకూడదన్నారు సరే, చోటు మార్చుకోవచ్చా అని అడిగింది. మార్చుకోవచ్చు. దానికి వేరే నిబంధన ఉంది. కొత్త చోటు సొంతదారుకి ఒక కాయితం పంపాలి. వారం లోపు అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పనులు చకచకా జరగాలని పరాంకుశం గారు మొదటి సెమినార్ తర్వాత నవ్వులతోపాటు పెట్టిన ఏర్పాటది. ఎక్కడికి మారుస్తారని నేను అడగలేదు. అడిగుంటే నాకు తెలిసినట్టు అవుతుంది.

ఆవిడ కాయితం రిజిస్టర్ పోస్టులో మా ఆఫీసుకే వచ్చింది. సొంతదారు పురపాలక సంఘం, కొత్త చోటు పురపాలక సంఘ కార్యాలయ ప్రధాన ద్వారం. మా ఆఫీసుకొచ్చిన కాయితాన్ని వారంలో విప్పి చదివే అలవాటు మా తాతల కాలంలోనూ లేదు. అది ఇన్‌వర్డ్ సెక్షన్‌లో, ముందటేడు వచ్చిన వరద హెచ్చరిక కింద, క్షేమంగా ఉండిపోయింది. గడువు దాటిన మర్నాడు ఉదయం ఆఫీసుకి వచ్చేసరికి మా గేటుకి నీలం రంగు రేకు వేలాడుతోంది. మంగతాయారు టిఫిన్ హోటల్. చుట్టరికాలు చెప్పరాదు. హోటల్ తాళం, రుబ్బురోలు, రవ్వ డబ్బా వాచ్‌మన్‌కి అప్పజెప్పి ఆవిడ తెల్లవారుజాము బస్సుకి తుని వెళ్లిపోయిందట.

కమిషనర్ గారు జీపు దిగి ఆ రేకుని రెండుసార్లు చదివారు. తీసెయ్యమని నన్ను ఆజ్ఞాపించారు. బోర్డు తొలగించుట శిక్షార్హమండీ అని మనవి చేశాను. ఆ వాక్యం ఎవరు రాశారని అడిగారు. తమరేనన్నాను. వ్యాపార బోర్డు గల ప్రదేశం వ్యాపార స్థలం కాబట్టి, ఊళ్లో ఉన్న ఏకైక వ్యాపారం ఇక మన ఆఫీసే కాబట్టి, ఊరి ఖర్చు యావత్తూ మనమే కట్టాలని చెప్పి నోటీసు ఆయన చేతికే ఇచ్చి సంతకం తీసుకున్నాను. నా ఉద్యోగంలో అంత ఇష్టంగా ఇచ్చిన నోటీసు ఇంకోటి లేదు.

అంతలో బస్సు దిగిన జనం బోర్డు చూసి లోపలికొచ్చి బల్లల దగ్గర కూర్చున్నారు. ఒకాయన బర్త్ సర్టిఫికెట్ కౌంటర్ దగ్గర రెండిడ్లీ అడిగాడు. బయటికి పొమ్మంటే వ్యాపారం దెబ్బతింటుంది, వ్యాపారం దెబ్బతింటే పన్ను రాదు, పన్ను రాకపోతే జీతాలు లేవు. పరాంకుశం గారు కోటు విప్పి కుర్చీకి తగిలించి, యుద్ధ ప్రాతిపదికన ఉప్మా ప్రారంభించవలసిందిగా శాఖలకు ఆదేశాలిచ్చారు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ రవ్వ వేయించాడు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు పెసరట్లు పోశాడు, ప్రతి అట్టుకీ చుట్టూ ఖాళీ స్థలం వదిలి. ఇంజనీర్లు చట్నీకి టెండర్లు పిలుద్దామన్నారు గానీ, గిరాకీ వాళ్లు టెండర్ తెరిచే దాకా ఆగలేదు. బుల్లబ్బులు గారు కొబ్బరికాయ కొట్టి ప్రారంభోత్సవం చేసి, ఆ కొబ్బరినే చట్నీకి ఇచ్చారు. అడిగింది అడిగిన రోజే చేతికి అందడం మా ఆఫీసు చరిత్రలో అదే మొదలు. ఉప్మా మాత్రం ఉండలు కట్టింది. తిన్నవాళ్లు ఉప్పు తక్కువన్నారు. పెసరట్టు మాడిందన్నారు. ఒక ముసలాయన కమిషనర్ గారిని "ఒరేయ్ అబ్బాయ్, మంచినీళ్లు" అని పిలిచాడు. ఆయన తెచ్చిచ్చారు.

మొదటి రోజు సాయంత్రానికి నడుములు పోయాయి. రెండో రోజు పరాంకుశం గారి అత్తవారు ఊర్నించి ఓ జట్టుగా దిగి, మన అల్లుడి హోటలే కదా అని ఓ బల్లంతా ఆక్రమించి తిని, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఆయన వాళ్లని డబ్బులడగలేకపోయారు. ఆ రాత్రి స్టోర్ రూములో బస్తా మీద కూర్చుని గరిటె చేత్తో పట్టుకుని చాలాసేపు గేటు కేసే చూశారు. నేను చూశాను గానీ పలకరించలేదు. కొన్ని సంగతులు మనిషికి సెమినార్లో కాదు, బస్తా మీదే అర్థమవుతాయి.

అయిదో రోజున మంగతాయారు గారు తుని నుంచి వచ్చింది. అక్క కన్ను బాగానే ఉందట. సరాసరి మా ఆఫీసుకొచ్చి, గిరాకీ లాగా బల్ల దగ్గర కూర్చుని ఒక ప్లేటు ఉప్మా అడిగింది. కమిషనర్ గారే భుజం మీద తువ్వాలుతో తెచ్చి పెట్టారు. ఆవిడ ఒక ముద్ద తిని, ఆపి, ఇంకో ముద్ద తిని, మొత్తం తింది. ధర ఎంతో అంతా లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. ఆయన చేతులు జోడించి, బోర్డు తీసుకెళ్లమని అడిగారు.

"తియ్యకూడదు గదండి."

"ఆ ఉత్తర్వు రద్దు చేయుదుము."

"దాంతోపాటు ముందుది కూడానండి. ఎవరింటి పన్ను ఆళ్లు కట్టుకోనీండి. నా వాటా ఎంతో నాకు చెప్పండి, ఠంచనుగా కడతాను. ఇంకోళ్లది కట్టను."

సాయంత్రానికి కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై బోర్డుల పన్నుని ఏకగ్రీవంగా రద్దు చేసింది. చదివింపుల వాక్యం మాత్రం ఉంచెయ్యమని బుల్లబ్బులు గారు బతిమాలారు, మాఘం ఇంకా దాటలేదు కదా. విశ్వనాథం మామిడాకులు విప్పి మళ్లీ త్రాసు పైకి తీశాడు. నా చదివింపులో ఆ అదనపు పది తిరిగి ఇమ్మన్నాను. గృహప్రవేశానికి పెట్టింది వెనక్కి అడిగే చుట్టాన్ని మిమ్మల్నే చూశానన్నాడు. మా ఆవిడ మళ్లీ ఎవరికీ ఆడపడుచు కాలేదు, ఆ దిగులు మా ఇంట్లో ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున బోర్డుని మళ్లీ రేకుల షెడ్డు ముందు కట్టారు. కట్టింది కమిషనర్ గారే, అది మంగతాయారు గారి షరతు. స్టూలు నేను పట్టుకున్నాను. ఆయన మేకులు నోట్లో పెట్టుకుని, ఒక్కొక్కటీ తీసి సుత్తితో కొట్టి, రేకు వంకర లేకుండా సరిచూసి, చెమట తుడుచుకుంటూ కిందికి దిగారు. మూడు నెలలుగా మా అందరి కంటే ఎక్కువ ఉప్మా తిన్న మనిషి, ఆయాసంతో గుమ్మం ముందున్న బల్ల మీద కూలబడ్డారు. లోపల్నించి కాఫీ వాసన వస్తోంది.

"అక్కయ్యగారూ" అన్నారు, నేను ఆయన నోట ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో. "మన ఇంటి మనిషే అనుకుని ఓ కాఫీ ఇప్పించండి."

మంగతాయారు గారు గ్లాసు కడుగుతూ, తలెత్తకుండా తడి చేత్తో పైనున్న బోర్డు చూపించింది. ఆయన తను కొట్టిన మేకుల కింద ఉన్న రెండో లైను చదివారు. చదివి, జేబులోకి చెయ్యి పోనిచ్చి చిల్లర తీశారు.

కాఫీ వచ్చింది. మంచి చిక్కటి కాఫీ.